నడుంలోతు నీళ్లు

"అయితే పులిహోర మానేయమంటారా?" రాధారాణి మూడోసారి అడిగింది.

"మానేయమని కాదు. ఆ నాలుగు గిన్నెల క్యారియర్ కొండల్లో ఎవరు మోస్తారు రాధా? విజయశ్రీ శాండ్‌విచ్‌లు తెస్తానందిగా," అన్నాడు జగదీష్ బూటు లేసులు బిగిస్తూ.

ఆ పేరు వినగానే రాధారాణి క్యారియర్ కొక్కెం టక్కున నొక్కింది. "నేనే మోస్తాను."

ఎనభై మూడు, మార్చి నెల. అమెరికాలో ఫీనిక్స్ నుంచి రెండు గంటల దూరంలో ఎడారి లోయ. మామూలుగా పాదం తడిసీ తడవని వాగు, ఆ ఏడు కొండల మీది మంచు కరిగి మోకాళ్లు దాటి పారుతోంది. దారి మాటిమాటికీ నీళ్లలోకే దిగుతుంది. పైగా వరదకు కూలిన చెట్లు అడ్డం.

జగదీష్ ఆఫీసు స్నేహితుడు శ్రీధర్ కూడా వచ్చాడు. అతని భార్యే విజయశ్రీ. ఆమెకి జీన్స్ ప్యాంటు, వీపున సంచి. రాధారాణికి నైలాన్ చీర. ఒక చేత క్యారియర్, రెండో చేత కుచ్చెళ్లు. మొదటిసారి వాగు దాటేటప్పుడు జగదీష్ వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. అందుకోవడానికి రాధారాణికి చెయ్యి ఖాళీ లేదు. విజయశ్రీ అందుకుంది.

"థాంక్స్ అన్నయ్యగారూ! బాబోయ్, ఐస్ నీళ్లే!"

రాధారాణికి ఒళ్లు భగ్గుమంది. "గట్టిగా పట్టుకో అమ్మా, జారిపోగలవు," అంది.

"మా ఆయన కంటే నయం అక్కా! ఆయనైతే లోతు చూడ్డానికి నన్నే ముందు తోస్తాడు." అందరూ నవ్వారు. రాధారాణి నవ్వలేదు.

కూలిన చెట్టెక్కి దిగేసరికి చీర చిరిగింది. అవతల నీళ్లు నడుంలోతు. ఆమె బండమీద కూలబడింది.

"నేనిక్కడే ఉంటాను. మీరు వెళ్లిరండి."

"నేనూ ఉండనా?" అన్నాడు జగదీష్.

"వద్దు."

రెండోసారి అడుగుతాడనుకుంది. అడగలేదు.

ఆమె చూపంతా మొగుడి చేతిమీదే. అతను చాచాడు గానీ విజయశ్రీ చూడనేలేదు. కర్రతో అడుగు వెతుక్కుంటూ, రెండో చేత్తో రాధారాణి కూతురు, పదేళ్ల రేణుని పట్టుకుని నడిచింది. రేణు కేరింతలు కొడుతూ ఆ చెయ్యి పట్టుకుని అవతలి గట్టెక్కింది. ఒక్కసారైనా తల్లివైపు తిరగలేదు.

మొగుణ్ణి చూసినప్పుడు మండిందే గానీ, ఇది మంట కాదు. క్యారియర్ పక్కన పెట్టి, ఆ నడుంలోతు నీళ్లవైపు చూసింది.

తిరుగుప్రయాణంలో కారంతా రేణు గొంతే. "విజ్జీ ఆంటీకి భయమే లేదు, నో? అమ్మా, నెక్స్ట్ టైమ్ నువ్వు రాకపోయినా ఓకే. ఆంటీ ఉంటుందిగా."



మంగళవారం భోజనాల దగ్గర రేణుకి పెరుగు వడ్డిస్తూ, మామూలు గొంతుతోనే చెప్పింది. "ఈ వారం నుంచి శనివారాలు పొద్దున పూట ఈత క్లాసులో చేరుతున్నాను. ఆ రోజు వంట మీరిద్దరూ చూసుకోండి."

జగదీష్ ముద్ద ఆపాడు. "ఈతా? విజయశ్రీని అడిగితే తనే నేర్పేదిగా?"

"అక్కర్లేదు. బస్సులో వెళ్లొస్తాను."