ల్యాబులో మూడో మనిషి

మంగంపేట దగ్గర ముగ్గురాయిని, అంటే బెరైటీసును, పిండి కొట్టే మిల్లొకటి ఉంది. దాని ల్యాబులో యేసుప్రసాద్ తొమ్మిదేళ్లుగా అసిస్టెంటు. లారీ వచ్చినప్పుడల్లా రాయి ముక్కలు తెచ్చి, దంచి, జల్లించి, కిరసనాయిలు పోసిన గాజు బుడ్డిలో వేసి, రాయి సాంద్రత ఎంతో తేల్చడం అక్కడి పని. మొదటి ఆరేళ్లు కెమిస్టు దేవేంద్రప్ప పక్కన పనిచేశాడు. దేవేంద్రప్ప మూడేళ్ల కిందట ఆ గదిలోనే, మధ్యాహ్నం పూట, గుండె ఆగి పోయాడు. తర్వాత వచ్చిన కెమిస్టులు దుమ్ముకు తట్టుకోలేక ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. పోయిన కార్తీకంలో పత్తికొండ నుంచి వీరభద్ర వచ్చాడు.

వీరభద్రకు ఇరవై తొమ్మిదేళ్లు. తుమ్ము వచ్చే ముందు, కాస్త ఆగండన్నట్టు ఒక చెయ్యి పైకెత్తేవాడు. తీరా తుమ్ము రాకపోతే "ఏమనుకోవద్దప్పా" అనేవాడు. యేసుప్రసాద్ ఆ చెయ్యి చూసే మనసు పారేసుకున్నాడు. తను మగవాళ్లనే ఇష్టపడతానని అతనికి ఎప్పటి నుంచో తెలుసు. నోరు విప్పి ఎవరితోనూ అనలేదంతే. ఇప్పుడూ అనలేక, తల్లి జీవమ్మ చేత రోజూ రెండు కారం దోసెలు ఎక్కువ పోయించుకుని తెచ్చేవాడు.

"ఎవురికి రా ఇన్ని?" అని ఆమె అడిగితే, "కొత్త సారుకమ్మా. ఆయప్పకు వంట రాదు" అనేవాడు.

సంక్రాంతి దాటిన వారం, వీరభద్ర ఒక లారీ రాయికి సాంద్రత నాలుగు పాయింటు సున్నా రెండు అని రాశాడు. రాసి తలెత్తేసరికి, బల్ల మీద పరుచుకున్న తెల్లటి పిండిలో ఎవరో వేలితో గీస్తున్నట్టు అక్షరాలు లేస్తున్నాయి. 'మళ్లీ చూడు.'

యేసుప్రసాద్ చేతిలోని జల్లెడ కింద పడింది. 'ళ'కు అంత పొడుగు తోక పెట్టి రాసే మనిషి ఒక్కడే ఉండేవాడు.

"అది దేవన్న రాత. ఈ గదిలో పోయిన కెమిస్టు" అన్నాడు, గోడకు ఆనుకుని.

వీరభద్ర మళ్లీ చూశాడు. నాలుగు పాయింటు ఇరవై వచ్చింది. మంచి రాయిని వెనక్కు పంపేవాడే. బల్లకు రెండు చేతులెత్తి మొక్కాడు. "నా పరువు కాపాడినావన్నా" అన్నాడు.

యేసుప్రసాద్‌కు దయ్యమన్న భయం పది నిమిషాలు ఉండింది. అసూయ మాత్రం రెండు నెలలు ఉండింది.

ఎందుకంటే ఆ రోజు నుంచి వీరభద్ర బల్లను వదిలితే ఒట్టు. పొద్దున రాగానే "దేవన్నా, బాగుండావా?" అని అడిగేవాడు. బల్ల మీద 'బాగుండా. నువ్వు నిద్రపోయినావా?' అని వచ్చేది. ఇద్దరూ గుసగుసలాడుకునేవాళ్లు, అంటే వీరభద్ర గుసగుసలాడితే దేవేంద్రప్ప చిన్న అక్షరాలతో రాసేవాడు. యేసుప్రసాద్ దగ్గరికి పోతే చాలు, వీరభద్ర అరచేత్తో పిండి చదును చేసేసేవాడు.

చచ్చిపోయిన మనిషికి చెమట వాసన ఉండదు, పొట్ట రాదు, జుట్టు ఊడదు. ఏ రకంగా చూసినా వాడితో పోటీకి దిగడం కష్టమని యేసుప్రసాద్‌కు తెలుసు. అందుకే పొద్దున్నే అరగంట ముందొచ్చి, తడిబట్టతో బల్లంతా తుడిచేసేవాడు. మిల్లులో దుమ్ముకు కరువా, తొమ్మిదిన్నరకల్లా కొత్త పొర పేరుకునేది. దాని మీద మొదటి వాక్యం 'తుడ్సినోడు ఎవుడు?' అని ఉండేది.

ఆదివారం చర్చిలో మోకరించి, తన చేత తప్పు చేయించవద్దనీ, వీలైతే దేవేంద్రప్పను పరదైసుకు తొందరగా పిలిపించుకోమనీ ప్రార్థించాడు. రెండో మాట ఎక్కువసేపు ప్రార్థించాడు.

అంతలో వీరభద్ర వింతగా మారిపోయాడు. దోసెలు వద్దన్నాడు. బుడ్డి అందించేటప్పుడు వేళ్లు తగలకుండా జాగ్రత్తపడ్డాడు. ఒక రోజు మాత్రం తనే ఒక స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. తెరిస్తే కాకరకాయ వేపుడు. యేసుప్రసాద్‌కు కాకరకాయ కంట పడితేనే నోరు చేదెక్కుతుంది. వీరభద్ర చేసిందని మొత్తం తిన్నాడు. మరునాడూ అదే వచ్చింది. వారం రోజులు వచ్చింది.

ఎనిమిదో రోజు డబ్బా మూత పెడుతూ వీరభద్ర తల వంచుకుని అన్నాడు. "ఈస్టరు దాటినాక పెండ్లంట గదా. నాకొక మాట చెప్పకపోతివి."

"ఎవరి పెండ్లి సార్?"

"నీదేప్పా. కోడూరు పిల్లనంట."

"నాకు యా పిల్లా లేదు. ఎవరు చెప్పినారు?"

వీరభద్ర బల్ల వైపు చూశాడు. "దేవన్న."

"కాకరకాయ సంగతి?"

"ఆయప్పే. కాకరకాయంటే వానికి ప్రాణమన్న్యాడు. మనిషి చెయ్యి తగిలితే వానికి గిట్టదన్న్యాడు. నీ దోసెలు తింటే మీయమ్మకు కోపమన్న్యాడు."

"ఇన్ని దినాలు మీరిద్దరూ మాట్లాడుకునింది ఇదా?"

"ఇంకేం మాట్లాడతా? నీకేమిష్టమో అడుగుతాంటి, రోజూ." వీరభద్ర చెవులు ఎర్రబడ్డాయి. "ఆ పిల్ల మాట విన్నప్పట్నుంచి అన్నం దిగడంల్యా. నిన్ను చేసుకునేది ఎవత్తో చూద్దామని పోయిన ఆదివారం కోడూరు బస్సు గూడా ఎక్కినా. పేరు తెలీదు గదా, మళ్లీ దిగినా."

యేసుప్రసాద్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచి బల్ల దగ్గరికి పోయాడు.

"దేవన్నా, ఏంటికి చేసినావు ఇట్ల?"

  పిండి కదిలింది.

'ఆరేండ్లు నీ పక్కనే కూచుంటి. ఒక్కనాడన్నా నా తట్టు చూసినావా? వీడొచ్చి ఐదు నెలలు గాలేదు, కారం దోసెలు తెస్తాండావు.'

యేసుప్రసాద్ స్టూలు మీద కూలబడ్డాడు. దేవేంద్రప్ప బతికున్నన్నాళ్లూ తనకు సగం టీ మిగిల్చి పెట్టేవాడు. ఆయనకు టీ పడదేమో అనుకున్నాడు ఇన్నేళ్లూ.

"నువ్వు పోయిన్నాడు ఆటోలో నీ తల నా తొడ మీదనే ఉండె. శానా ఏడ్చినానన్నా."

'చూసినా. అందుకే ఈడ్నే ఉండిపోతి.'

"నాకు తెలీలేదు. తెలిసింటే..." అని ఆగిపోయాడు. తెలిసున్నా తన మనసు అటు పోయేది కాదు. పోయిన మనిషికి అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాడు. ఊరికే బల్ల అంచు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. వేళ్ల పక్కన పిండి కొద్దిగా చల్లబడింది.

"నేను బయటికి పోవల్నా?" అన్నాడు తలుపు దగ్గర నుంచి వీరభద్ర. గొంతులో కొంచెం కారం ఉంది.

"నువ్వు ఈడ్నే ఉండు వీరా" అన్నాడు యేసుప్రసాద్. సార్ అనకుండా పిలవడం అదే మొదలు.

తర్వాత పది రోజులు దేవేంద్రప్ప అలిగాడు. ఇద్దరూ దగ్గరగా నిలబడితే తూకం ముల్లు ఊగేది. ఒకసారి వీరభద్ర యేసుప్రసాద్ చొక్కా మీది పిండి దులిపితే, అలమారలోని జల్లెళ్లన్నీ ఒకేసారి కింద పడ్డాయి. యేసుప్రసాద్ కోప్పడలేదు. ఆ రెండు నెలలు తనెలా గడిపాడో అతనికి గుర్తుంది. టీ వస్తే మాత్రం రోజూ సగం బల్ల మీద పెట్టేవాడు.

పదకొండో రోజు పొద్దున బల్ల మీద ఒక్క వాక్యం ఉంది. 'నాకు లీవు కావల్ల.'

"ఎన్ని దినాలన్నా?" అన్నాడు వీరభద్ర.

'ఇంగ రాను. మహానంది నీళ్లు చూడల్ల. బతికిండంగా అడిగిన ప్రతిసారీ లారీలు ఉండాయనిరి.'

వీరభద్ర తెల్ల కాగితం తీసి, పై అధికారికి దేవేంద్రప్ప అర్జీ పెట్టుకున్నట్టు రాశాడు. ల్యాబు ఇంచార్జి తనే కాబట్టి మంజూరు అని సంతకం చేశాడు, రబ్బరు స్టాంపు కొట్టాడు. బల్ల మీది పిండిని శాంపిలు కవరులోకి ఎత్తుకుని, ఆదివారం ఇద్దరూ తెల్లారగానే బస్సెక్కారు. యేసుప్రసాద్ తల్లితో, ఈ వారం చర్చికి రానని మాత్రం చెప్పాడు. నంద్యాల బస్సులో ముగ్గురి సీటు దొరికింది. మధ్యలో కవరు పెట్టారు. అది తనంతట తనే రెండుసార్లు యేసుప్రసాద్ వైపుకు జరిగింది. వీరభద్ర రెండుసార్లూ దాన్ని తను కూర్చున్న కిటికీ వైపుకు జరిపాడు.

మహానందిలో కోనేటి నీళ్ల అడుగున గులకరాళ్లు కూడా లెక్కపెట్టేంత తేటగా కనిపిస్తున్నాయి. కోనేట్లో వేయడం తప్పని, గుడి దాటి, నీళ్లు పొలాల్లోకి పారే కాలువ గట్టున కూర్చున్నారు. వీరభద్ర కవరు ఇచ్చి, పది అడుగుల దూరం వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు.

"పోయిరా దేవన్నా" అన్నాడు యేసుప్రసాద్. కవరు నీళ్ల దగ్గర వంచాడు. ముగ్గురాయి పిండి బరువు, తేలదు. ఒక పాయలాగా నేరుగా కిందికి దిగి, కాసేపు నీళ్లను పాలలాగా చేసి, పొలం వైపు సాగిపోయింది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

వీరభద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు.  ఉండబట్టలేక అడిగాడు.

"ఇంత ఏడ్సల్నా ఆయప్ప కోసరం?"

"మంచోడు వీరా."

"మంచోడే. నేను పోతే గూడా ఇంతే ఏడుస్తావా?"

"పో, చూద్దువు" అన్నాడు యేసుప్రసాద్. నవ్వు ఆపుకోలేక వీరభద్ర అతని భుజానికి ఒరిగాడు. గట్టు మీద ఎవరూ లేరు. బస్సుకు ఇంకా గంట టైముంది.