దుమ్ముగూడెం సొరుగు

ప్రతి పొద్దూ భద్రాచలం ఇన్సూరెన్సు బ్రాంచి తలుపులు తీయగానే రికార్డుల మొండయ్య ఇనప బీరువా సొరుగులన్నీ తడిమి చూస్తాడు. ఊరికో సొరుగు. గోదారి ఏ ఊరి మీదికి రాబోతుంటే ఆ ఊరి సొరుగు రెండు రోజుల ముందే కారుతుంది. కింద బకెట్టు పెట్టి, పాలసీలు ఫ్యాను కింద ఆరేసి, ఎవరి పనిలో వాళ్లు పడతారు. అంతే.

సత్తుపల్లి నుంచి వచ్చిన ఆఫీసరమ్మ రాజ్యశ్రీకి ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు. పదకొండింటికి పెద్దసారు వెంకటరామారావు వస్తున్నాడు మరి, ఆమె కొత్త డ్యాష్‌బోర్డు చూడటానికి! పాత క్లెయిములను బట్టి ఏ ఊరికి ఎంత ముప్పో రంగుల్లో చూపించే మ్యాపు అది. స్టాఫులో ఒక్కరు దాన్ని ముట్టుకుంటే ఒట్టు. అయితేనేం, ఈ ఏటి నుంచి అందులో ఎర్రగా కనిపించిన ఊళ్లకే పశువులను మెరకకు చేర్చే లారీలు పోతాయి.

కౌంటరు దగ్గర పాలమ్ముకునే అనంతమ్మ నిలబడి ఉంది. "మా దుమ్ముగూడేనికి లారీ వస్తదా మేడమ్? ఎనిమిది బర్రెలు. అవి పోతే నేను బజార్న పడ్డట్టే."

"మీ ఊరు ఆకుపచ్చగా ఉందండీ. భయం లేదు."

అప్పుడే మొండయ్య కేకేశాడు. "మేడమ్, జల్దీ రండి! దుమ్ముగూడెం సొరుగు దుంకుతున్నది!"

రెండు బకెట్లు అప్పటికే నిండాయి. మూడోదాంట్లో చేపపిల్ల ఒకటి ఎగిరిపడింది. రాజ్యశ్రీ మ్యాపు తెరిచి దుమ్ముగూడెం మీద నొక్కింది.

"మరి మ్యాపులో ఈ ఊరికి ఒక్క క్లెయిమూ లేదేంటి?"

మొండయ్య తల గోక్కున్నాడు. "కాయితాలు పాసయ్యేది ఈడనే గదా అని, కంప్యూటర్ల ఊరి పేరు గడిల పన్నెండేండ్ల సంది అందరం భద్రాచలమనే కొట్టినం."

"పన్నెండేళ్లుగానా? ఓరి దేవుడో!"

తిట్టడానికి టైమేదీ? ఒకరు సొరుగులోని తడి క్లెయిము కాయితాలు చదవడం, ఒకరు ఊరి పేరు సరిచేసి కొట్టడం. డ్యాష్‌బోర్డంటేనే మొహం తిప్పుకునే క్యాషియరు తిరుపతి కూడా చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. పదకొండుకు ఐదు నిమిషాలుండగా దుమ్ముగూడెం భగ్గున ఎర్రబడింది. ఆఫీసంతా ఒకటే ఈలలు!

పెద్దసారు వచ్చి కళ్లజోడు సర్దుకున్నాడు. "నిన్న పంపినదాంట్లో ఈ దుమ్ముగూడెం ఆకుపచ్చగా ఉందే?"

"మేం తప్పు కొట్టాం సార్."

ఆయన వంగి, బకెట్లో వేలు ముంచి చూసి, "లారీలు పంపండి" అన్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం అనంతమ్మ ఫోను. "మేడమ్, కొట్టం మునిగింది! బర్రెలు నా పక్కనే నెమరేస్తున్నయి!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రాజ్యశ్రీకీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంచిదే గని మేడమ్," అన్నాడు మొండయ్య, "బర్రెలు బతికి క్లెయిములు రాకుంటే, పోను పోను ఊరు మళ్ల ఆకుపచ్చైతది గదా?"

రాజ్యశ్రీ ఉలిక్కిపడింది. గబగబా క్లెయిముల పక్కన కొత్త గడి పెట్టి, పైన 'బకెట్లు' అని రాసింది. దుమ్ముగూడెం ఎదురుగా మూడు అని కొట్టింది. ఊరు ఎర్రగానే ఉండిపోయింది.