నా పెళ్ళికి రెండో తాంబూలం

మా అత్త అమృతవల్లి మతిమరుపు ముదిరి నన్ను మరిచిపోయింది. కొడుకు గుర్తున్నాడు, అమ్మేసిన ఆవులు కూడా గుర్తున్నాయి. కోడలు మాత్రం లేదు. ఎవతో వంటింట్లో చొరబడిందనుకుని నా చేతి అన్నం ముట్టడం మానేసింది. పక్కింటి సౌభాగ్యం పెడితే పగలు నాలుగు ముద్దలు తినేది. రాత్రి నేను పెడితే నోరు బిగించేది. మనిషి చిక్కిపోతోంది. నాకు కళ్ళు మూస్తే చాలు, పాడే కనిపించేది.

పత్తి ఏరే కాలం వచ్చింది. అప్పుడు సౌభాగ్యమే ఒక ఉపాయం చెప్పింది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మా రాజుల కులపు చావడి ఖాళీగానే ఉంటుంది కదా, ఆడవాళ్ళం చేలకు పోయేటప్పుడు ఇంటి పెద్దవాళ్ళను అక్కడ దించిపోదాం, వంతులు వేసుకుని చూసుకుందాం అంది. ఆడవాళ్ళు చావడిలో కూర్చోవడమేమిటని మగవాళ్ళు గొణిగారు. లేకపోతే తల్లులను చూసుకునే వంతు తమదేనని తెలిశాక ఆ గొణుగుడు ఆగిపోయింది.

నాకు మాత్రం అన్నీ భయాలే. చావడి మెట్లు ఎత్తు. ఎదురింట్లో తెల్ల వేటకుక్క. మా నాన్న వీరరాఘవ రాజును కూడా అక్కడే దించేవాళ్ళం. ఆయనకు నిన్నటి మాట నేడు గుర్తుండదు, వక్క మింగేస్తాడేమోనని ఇంకో భయం.

ఒకనాడు పక్క ఊరు సేత్తూరు చేలో ఉండగా మా వీధి కుర్రాడు అళగర్సామి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "అక్కా, చావడికి రమ్మన్నారు. మీ అత్తా, మీ నాయనా..." అని ఊపిరందక ఆగాడు. మిగిలింది నేను వినలేదు. వచ్చిన బస్సు ఎక్కేసి, ఇద్దరికీ కలిపి ఏడుస్తూ ఊరు చేరాను.

చావడిలో ముసలివాళ్ళు రెండు వరసల్లో నిటారుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో పళ్ళెం, అందులో ఆకులు, వక్కలు, అరటిపళ్ళు. అటు మా అత్త, ఇటు మా నాన్న.

"ఎవురికే నిచ్చయ తాంబూలం?" అని సౌభాగ్యాన్ని అడిగాను.

"నీకేనే!" అంది సౌభాగ్యం, కొంగు నోట్లో కుక్కుకుని.

నమలడానికి తెచ్చిన తాంబూలం పళ్ళేన్ని చూడగానే కొడుక్కి పెళ్ళి చేయాలని మా అత్తకు గుర్తొచ్చిందట. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉందని మా నాన్నకూ గుర్తొచ్చిందట. పని దొరికిన పెద్దలు ఊరుకుంటారా? మాలో చావడిలో పెద్దల ఎదుట తాంబూలం మారిందంటే మాట ఖాయం.

"మా రంగరాజు మిల్లులో మేస్త్రి. మీ పిల్లకేమి వచ్చును?" అంది అత్త.

"భయపడేది వచ్చును," అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. సంబంధం తప్పిపోయిందని నా గుండె జారింది. ఆ సంబంధానికి పుట్టిన పిల్లలు బడిలో ఉన్నారన్న సంగతి కూడా నాకు తోచలేదు.

"నవ్వకండప్పా! మబ్బు కనబడితే చాలు, మిద్దె మీది మిరపకాయలు లోపలికి వచ్చేస్తాయి. మా ఇంట ఒక్క కాయ తడిసినది లేదు," అన్నాడు నాన్న.

అత్త ఆలోచించింది. "అదీ సరియే. మావాడు వాకిలి తెరిచిపెట్టి నిద్రపోతాడు. ఇంట్లో ఒకరన్నా భయపడాల. పిల్లను పిలవండి."

సౌభాగ్యం నన్ను ముందుకు తోసింది. దండం పెట్టాను. అత్త నా ముఖం చూసి తలాడించింది. అంతలో ఆమె చూపు నా మెడ మీద పడింది.

"ఏమిది? తాళి! పెండ్లైన పిల్లనా నాకు చూపిస్తారు?"

చావడి అంతా గోల. మోసమని ఒకరు, పోలీసని ఒకరు. అందరికంటే మా నాన్నే అదిరిపోయాడు. "నాకు చెప్పకుండా ఎవురు కట్టినాడమ్మా?"

తాళి దాచుకోవాలంటే అపశకునం. అబద్ధమాడాలంటే ఇంకో భయం.

"మీ కొడుకే కట్టినాడత్తా," అన్నాను.

అత్త నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను.

"దొంగ వెధవ!" అంది అత్త, పకపకా నవ్వుతూ. "పెండ్లికి తల్లిని కూడా పిలవలేదు చూడండి!"

చావడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. "కట్టేసినాక ఇంకేమి మాట! మార్చండప్పా తాంబూలం!" అని మా నాన్న పళ్ళెం ఎత్తాడు. తాంబూలం మారింది.

"కోడలు వచ్చినది, తీపి లేదా?" అంది అత్త. ఉన్నది అరటిపండే. "నిలబడి చూస్తావేమి? పెట్టు," అని నాకేసి నోరు తెరిచింది.

పండు చిన్నగా తుంచి పెట్టాను. "మెల్లగా నమలండత్తా, పొలమారును."

"మీ నాయన చెప్పినది నిజమే," అంది నోటినిండా పండుతో.

సాయంత్రం మిల్లు సంగు, అదే సైరను, ఊదాక మా ఆయన తలనిండా దూదితో వచ్చాడు. తల్లి చెవి మెలిపెడితే, ఎందుకో తెలియకుండానే "తప్పయిపోయినదమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇడ్లీ తీసుకుని అత్త దగ్గరికి వెళ్ళాను.

"ఎవురే నువ్వు?" అంది.

కొంగు పక్కకు తీసి తాళి చూపించాను. "మీ కొడుకే, మీకు చెప్పకుండా..."

మాట పూర్తికాకముందే నవ్వడం మొదలుపెట్టింది. ఇడ్లీ తుంచి పట్టుకుని నిలబడ్డాను, నవ్వు ఆగితే నోరు మూసేస్తుందేమో, ఆగకపోతే పొలమారుతుందేమో అని.