హైద్రాబాద్ మెత్తలు

"ఉత్తగ కూసున్నవ్ గదనే, గా మెత్తలు జర ఉతుకరాదు" అన్నాడు మా ఆయన.

నేను అప్పుడే కూర్చున్నాను. పొద్దున లేచి బాయి నుంచి నీళ్ళు మోసి, వాకిలి చల్లి, జొన్నరొట్టెలు చేసి, షెడ్డులోకి రెండుసార్లు చాయ్ ఇచ్చి, అత్త మోకాళ్ళకు ఆముదం పట్టించి, గడప మీద కూర్చుని మడమలో దిగిన తుమ్మముల్లు తీసుకుంటున్నాను. ముల్లు తీసుకోవడం ఆయన కంటికి ఉత్తగా కూర్చోవడమే. పెళ్ళయి పదిహేనేళ్ళయింది, ఆయన కంటికి నేను ఎప్పుడూ అప్పుడే కూర్చున్నట్టు కనిపిస్తాను.

బకెట్‌లో ఏడు మెత్తలు వేసి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కటీ జొన్నరొట్టె అంత గుండ్రంగా ఉంటుంది. కార్లకు మెరుగు పెట్టే మిషన్‌కు ముందువైపు తొడిగేవి అవి. ఆర్మూర్‌లో నాగపూర్ సడక్ పక్కన మాకు రంగుల షెడ్డు ఉంది. మా ఆయన హన్మండ్లు నిజామాబాద్‌లో పని నేర్చుకుని వచ్చి, మొదట ఎద్దుబండ్ల చక్రాలకు, తర్వాత లారీలకు రంగులు వేశాడు. మా వీధికి కరెంటు వచ్చిన రెండో ఏడు హైద్రాబాద్ వెళ్ళి మెరుగు మిషన్ తెచ్చాడు. దాంతోపాటు రెండు మెత్తలు ఇచ్చారు. మూడు నెలలకే రెండూ చినిగిపోయాయి. మిషన్ మూలన పడింది. ఆయన అన్నం సగంలో వదిలి లేచేవాడు. ఊళ్ళో నవ్వుతున్నారని ఆయన బాధ.

ఇప్పుడు బకెట్‌లో ఉన్న మెత్తలు నేను కుట్టినవి. ఎవరూ కుట్టమనలేదు. చినిగిన మెత్తను విప్పి చూశాను. లోపల గోనెలాంటి తట్టుగుడ్డ, పైన ఉన్ని, అంచుకు నాడా. రవిక కుట్టగలిగినదానికి అది పెద్ద పనేమీ కాదు. అసలు కష్టం ఉన్ని దగ్గర. గొంగళ్ళు నేసే లసుమవ్వ దగ్గరికి పోయి ముసలి గొర్రె బొచ్చు కొంత, గొర్రెపిల్లల తొలి బొచ్చు కొంత తెచ్చుకున్నాను. పెరట్లో పాత లారీ తలుపు ఒకటి పడి ఉండేది. మధ్యాహ్నం అత్త నిద్రపోయాక, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, మెత్తను చేత్తోనే పట్టుకుని ఆ తలుపు మీద రుద్ది చూసేదాన్ని. ముసలి బొచ్చుకు, మిషన్‌తో తెచ్చిన ఎర్ర డబ్బాలోని గరుకు మెరుగుముద్ద రాస్తే గీతలు పోతాయి, కాని రంగు కూడా లేస్తుంది. అది లారీలకు సరిపోతుంది. పిల్లబొచ్చుకు తెల్ల డబ్బాలోని మెత్తటి ముద్ద రాస్తే రంగు లోపల నుంచి వెలుగు వచ్చినట్టు ఉంటుంది. మైనం డబ్బాకు ఏ ఉన్నీ పనికిరాదు, ఉతికి ఉతికి నలిగిన పాత ధోతి ముక్క కావాలి, అదీ మిషన్‌తో కాదు, చేత్తోనే.

ఇది నాకు ఎవరు నేర్పారు? మా అమ్మ వేల్పూర్‌లో పసుపు కళ్ళంలో పని చేసేది. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను మొదట గరుకు గోనెలో పోసి రుద్దాలి, పొట్టు పోయాక పాత గోనెలో, చివరికి నలిగిన గుడ్డలో. తొందరపడి మొదటి గోనెతోనే మెరుగు రావాలని గట్టిగా రుద్దితే కొమ్ము విరుగుతుంది. ఎక్కడ ఆపాలో అమ్మ చెయ్యి చెప్పేది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి నా చెయ్యి కూడా చెప్పడం మొదలుపెట్టింది. కొమ్ముకు బదులు ఇప్పుడు కారు, అంతే.

మిషన్ మళ్ళీ నడిచింది. కార్లు రావడం మొదలైంది. ఒకరోజు చాయ్ తీసుకుని షెడ్డు లోపలికి వెళ్తుంటే, కామారెడ్డి నుంచి వచ్చిన ఒకాయన మెత్తను చేతిలోకి తీసుకుని వేళ్ళతో నొక్కుతున్నాడు. "యాడివివయ్యా గివి, మస్తుగున్నయ్?" అని అడిగాడు. మా ఆయన నన్ను చూశాడు. నా చేతిలోని చాయ్‌ని చూశాడు. "హైద్రాబాద్‌వి" అన్నాడు.

రాత్రి అడిగితే, "పెండ్లాం కుడితే తొడుగుతున్న అంటే నవ్వరానే? పనికి ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా నన్నే అడిగినట్టు అన్నాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా హైద్రాబాదే. వింటూ వింటూ ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, ఆ మెత్తలు నిజంగా హైద్రాబాద్ నుంచి వచ్చాయేమో, నేను వాటిని ఉతకడానికి మాత్రమే ఉన్నానేమో అని.

ఆరోజు అంత తొందర ఎందుకంటే, మర్నాడు పొద్దున భూమేశ్వర్ సేటు కారు వస్తోంది. పసుపు అడ్తి వ్యాపారి. మీగడ రంగు అంబాసిడర్. అది నచ్చితే ఆయన ఇంకో రెండు బండ్లు కూడా మా షెడ్డుకే పంపుతానన్నాడు. మెత్తలు పిండుతూ నేను మెల్లగా అన్నాను. "మీగడ రంగు మీద ఎర్ర డబ్బా వద్దు. పిల్లబొచ్చు మెత్త, తెల్ల డబ్బా. అంచులకాడ మిషన్ ఆపకు, రంగు లేస్తది."

"నీకు కారు సంగతి ఏం ఎరుకనే?" అన్నాడు.

లోపల నుంచి అత్త, "పిల్లా, మగోళ్ళ పనిల నోరు వెట్టకు" అంది.

దండెం నిండా ధోతులు ఉన్నాయి. మెత్తలు సాయంత్రానికి ఆరాలి. ఆయన గబగబా వచ్చి బకెట్ లాక్కున్నాడు. "తే, నేను ఆరేస్త." పదిహేనేళ్ళలో నా పనిలో ఆయన చెయ్యి పెట్టింది ఆ ఒక్కరోజే. సంతోషపడి లోపలికి వెళ్ళాను. ఎక్కడ ఆరేస్తున్నాడో చూడలేదు.

మర్నాడు డ్రైవర్ పోచయ్య కారు తెచ్చి పెట్టి చెట్టు కింద బీడీ ముట్టించాడు. నేను గోడ పక్క నుంచి చూశాను. మా ఆయన పిల్లబొచ్చు మెత్త తొడిగాడు. తెల్ల డబ్బా మూత తీశాడు. నేను చెప్పినట్టే చేస్తున్నాడు. ఆయన ఎప్పుడూ నేను చెప్పినట్టే చేస్తాడు, చెప్పింది నేనని మాత్రం ఒప్పుకోడు. నవ్వుకుని లోపలికి వెళ్ళాను.

మిషన్ చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. తర్వాత ఆయన అరుపు.

బానెట్ సగం పచ్చగా ఉంది. మీగడ రంగులోకి పసుపు పాకి, కామెర్లు వచ్చిన మనిషి కన్నులా ఉంది. నాకు వెంటనే అర్థమైంది. పక్కింటి కళ్ళంలో పసుపు ఎత్తేసిన చాపలు ఖాళీగా ఉన్నాయి, ఎండ బాగా తగులుతుంది. ఆయన మెత్తలు ఆ చాపల మీద ఆరేశాడు. మా ఊళ్ళో పసుపు గోడ మీద, గడప మీద, గోళ్ళలో, అన్నంలో ఉంటుంది. రోజూ చూసే కళ్ళకు అది ఆనదు. చాప ఖాళీగా ఉందనే అనుకున్నాడు. తడి ఉన్ని పసుపు పొడినంతా పీల్చుకుంది. ఆరాక ఆయనే ఎత్తి షెడ్డులో పెట్టుకున్నాడు, మాసిన ఉన్నిలో ఆ పచ్చదనం ఆయన కంటికి ఆనలేదు.

"నువ్వే పసుపు చేతులతోటి ముట్టినవ్!" అన్నాడు మా ఆయన, పోచయ్య ఎదుటే. బట్టల సబ్బు తెచ్చి తడిపి బానెట్ మీద రుద్దాడు. రుద్దినచోట పచ్చరంగు ఎర్రగా మారింది, కుంకుమ నీళ్ళు ఒలికినట్టు.

"సబ్బు వద్దు!" అని నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. పదిమంది తిరిగే సడక్ మీద ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. "పసుపు మరకకు సబ్బు వెడ్తరా ఎవ్వరన్న? ఇంట్ల చీర మీద వడితే ఏం జేస్తం?"

ఆయనకు తెలియదు. ఏ మగవాడికి తెలుసు? చీర మీద పసుపు పడితే సబ్బు పెట్టం, ఎండలో వేస్తాం. పసుపు ఎండకు తాళదు. మరక తీయడం ఆయన ఎప్పుడూ చూడలేదు, మరక లేని బట్టనే చూశాడు.

చింతపండు పిసికి, పలచటి నీళ్ళు చేసి ఎర్రబడినచోట అద్దాను. ఎర్ర పోయి మళ్ళీ పచ్చ అయింది. మంచినీళ్ళతో కడిగాను. "పోచయ్యన్నా, బండి ఎండల వెట్టు" అన్నాను. ముగ్గురం తోసి సడక్ పక్కన ఎండలో నిలబెట్టాం. చైత్రమాసపు ఎండ. నేను గంటకోసారి తడిగుడ్డతో తుడిచాను. మా ఆయన షెడ్డు గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని, సేటు బండి పాడైతే ఇక ఈ సడక్ మీద తనకు పని పుట్టదని తనలో తనే గొణుక్కున్నాడు. జాలేసింది. ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. నవ్వుతారనే భయం తప్ప ఆయనకు వేరే భయం లేదు. ఆ భయానికి నేను ఇన్నేళ్ళుగా మెత్తలు కుడుతున్నాను.

మధ్యాహ్నం దాటేసరికి బానెట్ మళ్ళీ మీగడ అయింది. బండిని తిరిగి షెడ్డులోకి తోశాం. నా పెట్టెలో ఇంకా వాడని పిల్లబొచ్చు మెత్త ఒకటి ఉంది. తెచ్చి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. "నా చెయ్యి ఆడుతలేదు, నీలా" అన్నాడు. నా పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో.

కొంగు బిగించి మిషన్ నేనే పట్టుకున్నాను. అది దూడలా గుంజింది. గట్టిగా పట్టుకుంటే ఇంకా గుంజింది. వదులు చేశాను. అప్పుడు మాట విన్నది. అంచుల దగ్గర ఎత్తాను, మధ్యలో ఆనించాను, రేకు వేడెక్కగానే పక్కకు జరిపాను. ఎక్కడ ఆపాలో చెయ్యి చెప్తోంది. చివరికి పాత ధోతి ముక్కతో మైనం పట్టించాను. వంగి చూస్తే బానెట్‌లో నా ముఖం కనిపించింది, నుదుట చెమటతో, జుట్టు రేగి. ఎవరో తెలిసిన మనిషిని చూసినట్టు అనిపించింది.

నాలుగు గంటలకు భూమేశ్వర్ సేటు రిక్షాలో వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. అరచేత్తో బానెట్ నిమిరాడు. "అరె, కొన్ననాడు గూడ గిట్ల లేకుండె! ఏం మెత్తలయ్యా గివి, యాడ దొర్కుతయ్?"

నేను గోడ దగ్గరే ఉన్నాను. అరచేతులు ఇంకా మిషన్ అదురుకు జుమ్మంటున్నాయి. మా ఆయన నా వైపు చూశాడు. ఈసారి చెప్తాడనుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి కూడా.

"హైద్రాబాద్‌వి, సేటూ."

పోచయ్య నేల చూపులు చూశాడు. "బాగుంది. రేపు మిగిలిన రెండు బండ్లు వంపుత. గవే మెత్తలు వాడు" అని సేటు కారెక్కాడు.

అత్త నన్ను పిలిచి తల నిమిరింది. "మొగని పేరు నిలవెట్టినవ్ బిడ్డా, గంతే సాలు" అంది. ప్రేమగానే అంది. తన కాలమంతా తను ఆ 'గంతే'తోనే సరిపెట్టుకుంది కాబోలు. నేను చెయ్యి తీసేయలేదు, కాని నాకు సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో రొట్టెలు చేస్తూ వెతికాను. డబ్బు కాదు, మెప్పు కూడా కాదు. నేను చేసిన పని మీద నుంచి నన్ను తుడిచేస్తున్నారు, ఆ తుడిచే గుడ్డ కూడా నాచేతే ఉతికిస్తున్నారు.

పసుపు పట్టిన మెత్తలన్నీ కడిగి, ఇంటి దండెం మీద ఆరేశాను. ఆరాక లెక్కగా పేర్చి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు పొద్దున ఆయన షెడ్డు నుంచి వచ్చాడు. "బండ్లు వస్తున్నయ్. మెత్తలేవే?"

"హైద్రాబాద్ నుంచి తెప్పిచ్చుకో."

ఆయన నవ్వబోయి ఆగాడు. "గట్లంటవేందే?"

"నీల కుట్టింది అని సేటు ముందట జెప్పు. ఏ బండికి ఏ మెత్తనో నేనే వచ్చి తొడుగుత. జెప్పకుంటే నీకు హైద్రాబాదే ఉంది."

ఆయన గడపలో నిలబడిపోయాడు. సడక్ మీద కారు హారన్ మోగింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. అటు చూశాడు, నా వైపు చూశాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని మెల్లగా షెడ్డు వైపు నడిచాడు. ఏం చెప్తాడో నాకు తెలియదు. తాళంచెవి కొంగుకు ముడివేసుకుని, చాయ్ పోసుకుని, గడప మీద కాళ్ళు చాపుకున్నాను. పదిహేనేళ్ళలో మొదటిసారి, నిజంగానే ఉత్తగా కూర్చున్నాను.