మాధవయ్య గారి ఎర్ర కారు

ఆళ్లగడ్డలో బట్టల కొట్టు మాధవయ్యకు దానగుణం ఎక్కువ. ఆ సంగతి ఊరందరికీ తెలియాలన్న తపన ఇంకాస్త ఎక్కువ. నంద్యాల నుంచి పిల్లలెక్కే ఎర్ర ప్లాస్టిక్ కారొకటి తెచ్చి, మనవడు శశిధర్ పోయే ప్లేస్కూల్‌కిచ్చాడు. కారు వెనక తన పేరు పెద్దక్షరాలతో రాయించాడు. రెండున్నరేళ్ల పిల్లలు అది చదివి దండం పెడతారని ఆయన నమ్మకం.

మొదటి రోజే యుద్ధం. శశిధర్ స్టీరింగ్ పట్టుకున్నాడు. టైలర్ మొయినుద్దీన్ కూతురు సల్మా వాడి జుట్టు పట్టుకుంది. టీచరు దానమ్మ పరుగున వచ్చి, "పంచుకోండమ్మా" అంది. ఇరవై ఏళ్లుగా ఆమె చెబుతున్న ఆ మాట ఇప్పటిదాకా ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు.

కిందటి వారమే నంద్యాలలో ట్రైనింగ్‌కు పోయొచ్చింది. ఈ వయసు పిల్లలకు పంచుకోవడం అర్థం కాదనీ, ఇద్దరుంటేనే జరిగే పని ఇవ్వాలనీ అక్కడ చెప్పారు. దానమ్మ లోపల నవ్వుకుని, వాళ్లు పెట్టిన భోజనం మాత్రం శ్రద్ధగా చేసి వచ్చేసింది. ఇప్పుడు వేరే దారి లేక నేల మీద చతికిలబడి అడిగింది.

"శశీ, కారు పోతాందా?"

వాడి కాళ్లు నేలకందవు. "పోల్యా."

"సల్మా, గోడ దాకా తోస్తావా? ఆడ నువ్వెక్కు, వాడు తోస్తాడు."

మంత్రి పదవి ఇస్తామంటే ఆలోచించినట్టు సల్మా కాసేపు ఆలోచించి, జుట్టు వదిలింది. గోడ దాకా తోసింది. శశిధర్ దిగలేదు. దానమ్మ వాణ్ణి లాగలేదు, అరవలేదు.

"గోడ వచ్చె. ఇప్పుడెవురి వంతు?" అని ఊరుకుంది.

సల్మా చేతులు కట్టుకుని నిలబడింది. కారు కదలదు. శశిధర్ ఊగాడు, ఏడ్చాడు, చివరికి దిగాడు. నాలుగు రోజులు ఇదే తంతు. అయిదో రోజు ఏడుపు లేకుండా దిగి, తనే తోశాడు.

సరిగ్గా అప్పుడే మాధవయ్య వచ్చాడు.

"ఏందీ దానమ్మా, మా వోడు తోస్తాండాడు?"

"వాని వంతు సార్."

"మా కార్లో మావోనికి వంతేంది?"

కారూ, మనవడూ ఇద్దరూ ఇంటికి చేరారు. దానం అక్కడితో ముగిసింది.

వాకిట్లో శశిధర్ దర్జాగా కూర్చుని, "తాతా, తొయ్యి" అన్నాడు. తాత ప్రహరీ దాకా తోశాడు. వాడు బుద్ధిగా దిగాడు.

"నీ వంతు తాతా. ఎక్కు."

"నేనా? వద్దులే నాయనా."

వాడు నేల మీద పడి దొర్లాడు. ఇరుగుపొరుగు తొంగి చూశారు. మనవణ్ణి ఏడిపిస్తున్నాడన్న మాట రాకూడదని మాధవయ్య మెల్లగా కారులో కూలబడ్డాడు. కూర్చోవడం బాగానే కుదిరింది. లేవడమే కుదరలేదు. కోడలు లావణ్య కారు పట్టుకుంటే, పక్కింటాయన మాధవయ్య చేతులు పట్టి లాగాడు. వెనక నుంచి శశిధర్ పట్టు వదలకుండా తోస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున మాధవయ్య నడుము పట్టుకుని మనవడితో, కారుతో స్కూల్‌కి వచ్చాడు.

"ఇంట్లో జాగా చాల్లేదమ్మా. ఈడే ఉండనీ."

"అట్లే సార్" అంది దానమ్మ, పెదవులు బిగబట్టి.

వారం తిరక్కుండానే, పిల్లలకు ఐకమత్యం నేర్పడానికే తానా కారు ఇచ్చానని కొట్లో చెప్పుకున్నాడు. దానమ్మ కాదనలేదు. కారు దక్కింది, అంతే చాలు.

ఆయన అలా చెప్పుకున్న రోజు మధ్యాహ్నమే పచ్చ క్రేయాన్ కోసం సల్మా శశిధర్ చెయ్యి కొరికింది. దానమ్మ నిట్టూర్చి, తడిగుడ్డ తెచ్చి సల్మా చేతికిచ్చింది. "నొప్పి పుడతాంది వానికి. పా, ఇద్దరం కలిసి అద్దుదాం."

సల్మా గుడ్డ తీసుకుంది. క్రేయాన్ మాత్రం రెండో చేతిలోనే ఉంచుకుంది.