ఏడు మీద గీత

స్వరూప గీసిన అక్షరాలు పెళ్లి కార్డుల కోసం పుట్టాయి. ఛత్తా బజార్‌లో ఒక కార్డుల ప్రెస్సులో ఆమె పందొమ్మిదేళ్లుగా డిజైనర్. ఇంగ్లీషులో వధూవరుల పేర్లకు నచ్చిన వాలు అక్షరం దొరకక, నాలుగేళ్లు కూర్చుని తనే ఒకటి తయారుచేసింది. కుడికి కాస్త ఒరిగిన ఒళ్లు, దళసరి నిలువుగీత, వెంట్రుకంత సన్నని అడ్డగీత, ప్రతి గీత చివరా చిన్న కొస. పోయిన తల్లి పేరు మీద దాన్ని ‘నీలమ్మ ఇటాలిక్’ అంది. పెద్ద సైజులో, మంచి కాగితం మీద, రెండు పేర్ల వరకే దాని అందం. ఆ సంగతి ఆమెకు తెలుసు.

నిఖిలేష్‌కు తెలియదు. తెలుసుకోవాలని కూడా అతనికి తోచలేదు. బహదూర్‌పురా దగ్గర కొత్తగా లేచిన ఒక ప్రైవేటు ఆస్పత్రికి అతను బ్రాండింగ్ చూస్తాడు. డాక్టర్లు కుదరకముందే గోడల రంగు కుదిర్చిన ఘనుడు. ఎవరి పెళ్లి కార్డు మీదో ఈ అక్షరం చూసి ప్రెస్సు వెతుక్కుంటూ వచ్చాడు.

“ఇందులో ఒక రాయల్ ఫీల్ ఉంది మేడమ్. పేషెంట్‌కి ప్యాలెస్‌లోకి వచ్చినట్టు అనిపించాలి.”

“బోర్డుకు పెట్టుకోండి సార్. చిన్న సైజుల మాత్రం వాడకండి. సన్న గీతలు ఎగిరిపోతయ్.”

“బ్రాండ్ అంటే అన్నిచోట్లా ఒకటే ఉండాలి. మీది కార్డుల లైన్ కదా, మీకు ఐడియా ఉండదు.”

ఆమెకు ఒళ్లు మండింది. అయినా అక్షరం వాడుకోనిచ్చే కాగితం మీద సంతకం పెట్టింది. తన అక్షరం నాలుగంతస్తుల మేడ మీద వెలుగుతుందన్న ఆశ ఆ మంటను మింగేసింది.

బోర్డు వెలిగింది. స్వరూప తండ్రి సీమోను, ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైన మనిషి, మాదన్నపేట మార్కెట్లో కనపడిన ప్రతివాడికీ అది తన బిడ్డ గీసిందేనని చెప్పాడు. వేళ్ల కీళ్లు వాచినప్పుడు వేరే ఆస్పత్రి మాటే ఎత్తనివ్వలేదు. ఒక్కడే వెళ్లి, చీటీతో, గోలీలతో తిరిగొచ్చాడు.

ఆరో రోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. నోరంతా పుండ్లు.

“ఏమైంది బాపు?”

“గోలీ వేడి జేసినట్టుంది బిడ్డా. రోజుకొక్కటే ఏస్కుంటున్న.”

“అట్లని ఎవరు చెప్పిన్రు?”

“చెప్పుడేంది, కాయితం మీద సాఫ్‌గున్నది. ఒక గోలీ, ఒక రోజు.”

స్వరూప చీటీ అందుకుంది. మందు పేరు నుంచి ఆస్పత్రి చిరునామా దాకా చీమల బారులా తన ఇటాలిక్కే. గోలీ ఎదురుగా ‘1’. ఎన్ని రోజులకొకసారి అన్న గడిలోనూ ‘1’. ప్రెస్సులో వాడే భూతద్దం తెచ్చి చూసింది. రెండో అంకె పైన, గీత ఉండాల్సిన చోట రెండు మసి చుక్కలు మిగిలాయి. అది ఏడు. వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందును తండ్రి ఆరు రోజులు వరసగా మింగాడు.

ఆటోలో సర్కారు దవాఖానాకు పరుగెత్తింది. రక్తకణాలు పడిపోయాయని చెప్పి వెంటనే చేర్చుకున్నారు. మూడో రోజుకు గండం గడిచిందన్నారు. ఆ పొద్దున ఆమె చీటీ పట్టుకుని నిఖిలేష్ గదికి వెళ్లింది.

అతను చీటీని వెలుతురుకు పెట్టి చూశాడు. “ఇది ప్రింటర్‌లో టోనర్ ఇష్యూ మేడమ్. ఫాంట్ చాలా ఎలిగెంట్‌గానే ఉంది.”

“మనిషి సావుదాకా పోయిండు సార్.”

“సారీ. కానీ పేషెంట్స్ కూడా కొంచెం కామన్‌సెన్స్ వాడాలి కదా?”

“మా బాపుకు అది లేదు సార్. ఉంటే మీ బోర్డు జూసి లోపటికొచ్చెటోడే కాదు.”

కింద మందుల కౌంటరు దగ్గర జనం వరసలో ఉన్నారు. స్వరూప వాళ్ల పక్కన నిలబడి, “చీటీ ఒకసారి చూపించున్రి” అని అడగడం మొదలుపెట్టింది. మూడో చీటీలోనే ఇంకో తల తెగిన ఏడు కనపడింది. కౌంటర్లో ఉన్న ప్రీతి అనే ఫార్మసిస్టు అది చూసి తెల్లబోయింది. ఆ తర్వాత ప్రీతి కంప్యూటర్లో చూసి అంకె చెప్పడం, స్వరూప బాల్‌పెన్నుతో ఏడుకు గీత కొట్టడం. వరసలో వాళ్లకు విషయం అర్థమైంది. లొల్లి మొదలైంది. పాత చీటీలున్నవాళ్లు ఇళ్లకు ఫోన్లు చేశారు. మేనేజరు పరుగున దిగొచ్చాడు.

మధ్యాహ్నానికల్లా చీటీలు నిటారు అక్షరాల్లో, ‘వారానికి ఒకసారి’ అన్న తెలుగు మాటతో వచ్చాయి. మరుసటి వారం ప్రీతి తన ఫోన్లో ఒక మెయిల్ చూపించింది. రోగుల సౌకర్యం కోసం తానే ఈ మార్పు ఆలోచించానని నిఖిలేష్ అందరికీ రాసుకున్నాడు. దానికి పేరు కూడా పెట్టాడు: ‘కేరింగ్ టైపోగ్రఫీ’.

స్వరూప పగలబడి నవ్వింది. కానీ ఇంటికెళ్లి కంప్యూటర్ తెరిచాక ఆ నవ్వు నిలవలేదు. ఆ ఏడు నిఖిలేష్ గీసింది కాదు. పెళ్లి తేదీల్లో ఒయ్యారంగా ఉంటుందని, అడ్డగీతను ఇంకా, ఇంకా సన్నం చేసి మురిసిపోయింది తనే.

సీమోను ఇంటికొచ్చిన రోజు ఆ మాట చెప్పేసింది. “ఆ అక్షరం నాదే బాపు. బోర్డొక్కటే కాదు, చీటీ మీదున్నది కూడా.”

 ఆయన మానుతున్న పెదవులు తడుపుకున్నాడు.

“మీ అమ్మ పేరు పెట్టినవ్ గద దానికి?”

“ఆ.”

“అయితే సక్కజెయ్యి.”

ఆమె కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుని, ఏడు పైన అడ్డగీతను దళసరి చేయసాగింది. చూడటానికి మోటుగా ఉంది. ఇంకాస్త దళసరి చేసింది.