సమాధుల తోటలో వెండి రంగు

ఈస్టరుకు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, నూనె డబ్బా కొంగులో చుట్టుకుని సమాధుల తోటకు వెళ్లాను. గేటు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. తొమ్మిది కట్టె సిలువలూ వెండి రంగులో తళతళలాడుతున్నాయి. బండరాతి సమాధుల జోలికి ఎవరూ పోలేదు. సిమెంటు వాటికి సున్నం వేశారు. కట్టె సిలువలకు మాత్రం పైనుంచి కింది దాకా, వెనకా ముందూ చిక్కగా రంగు పులిమారు. ఒక్కదాని మీదా పేరు కనిపించడం లేదు.

మా అక్క ఈదమ్మ సిలువ మూడో వరుసలో ఉంటుంది. దాని మీదా పేరు లేదు.

"అవ్వా, జర ఆగు! ముట్టకు, ఇంకా పచ్చిగుంది!" అంటూ శ్రవణ్ కుమార్ బ్రష్షుతో పరుగెత్తుకొచ్చాడు. మా చర్చిలో యూత్ లీడర్. వనపర్తిలో డిగ్రీ చదివాడు.

"ఎవలనడిగి కొట్టినవ్‌రా?"

"కమిటీల అనుకున్నరు. రేపు పొద్దుగాల ఈడ జేసే ప్రార్థన ఫోన్ల లైవ్ పెడ్తున్నం. పుణెల, బొంబైల ఉన్నోళ్లంత చూస్తరు. కట్టెలు నల్లగ, జిడ్డుగ కనవడ్తె ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

"పేర్లేవిరా?"

వాడు సిలువల వైపు తిరిగాడు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మల్ల రాపిస్తం అవ్వా. నల్ల పెయింటుతోని, మంచి అక్షరాలల్ల."

"ఎవల పేరు యాడ రాస్తవ్? నీకెరుకనా?"

"ఎవలనన్న అడుగుత."

ఎవరిని అడుగుతాడు? ఈ ఊళ్లో సగం మంది ఏడాదిలో ఎనిమిది నెలలు ఊరి బయటే ఉంటారు. మా అక్క పోయినప్పుడు నేను రాయచూరు అవతల కాలువ పనిలో ఉన్నాను. కబురు అందలేదు. మూడు నెలలకు తిరిగొచ్చేసరికి ఆ ఎండాకాలం జ్వరాలకు పోయినవాళ్లవి ఐదు మట్టి దిబ్బలు పక్కపక్కన ఉన్నాయి. ఐదూ ఒక్కలాగే ఉన్నాయి. మా బావ చేవ దేరిన తుమ్మచెక్కతో సిలువ చేసి, ఉలితో గోరు దిగేంత లోతున పేరు చెక్కాడు కాబట్టి, నేను ఏ దిబ్బ మీద పడి ఏడవాలో నాకు తెలిసింది.

ఆ బావే నూనె పెట్టడం నేర్పాడు. కానుగ నూనెను సన్నని సెగ మీద వెచ్చబెట్టి, అందులో గుగ్గిలం పొడి వేసి కరిగేదాకా కలపాలి. వేడి తగ్గకముందే పాత గుడ్డతో రుద్దాలి. కట్టె తాగినంత తాగనిచ్చి, మిగిలింది తుడిచేయాలి. "నూనె పైన మెరవొద్దు సత్తెమ్మా, లోపలికి పోవాలె. చెదలు లోపలికెల్లి తింటది గద," అనేవాడు. ఆయన పోయాక ప్రతి ఏడూ ఎండలకు ముందొకసారి, వానలకు ముందొకసారి నేనే పెడుతున్నాను. ముప్పై ఏళ్లు దాటినా మా అక్క పేరులో ఒక్క గీత చెరగలేదు.

దాన్ని వీడు ఒక్క పూటలో చెరిపేశాడు.

నేను కొంగు దోపి మొదటి సిలువ దగ్గర కూర్చున్నాను. గుడ్డను నూనెలో ముంచి పచ్చి రంగు మీద రుద్దాను.

"ఏం జేస్తున్నవ్ అవ్వా! పొద్దటిసంది కష్టపడ్డం!"

"నీ కష్టం మన్నుల గలువ. ఎండితే రాదు. రా, ఇంకో గుడ్డ అందుకో."

"కమిటీవోళ్లు నన్ను తిడ్తరు."

"నేను తిట్టేది నీకు సరిపోతలేదా?"

వాడు గేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తన రుమాలే తీసి నూనెలో ముంచాడు.

పైరంగు నూనెతో కరిగి గుడ్డకు వచ్చింది. చెక్కిన గాట్లలోకి దిగిన రంగు మాత్రం రాలేదు. దాంతో పేరు వెండి గీతలతో బయటపడింది. "ఇప్పుడింకా మంచిగ కనవడ్తుంది గదవ్వా," అన్నాడు శ్రవణ్, మెల్లగా నవ్వబోతూ. నేను చూసిన చూపుకు మళ్లీ రుద్దడంలో పడ్డాడు. ఒక్కొక్క పేరూ వాడి చేత గట్టిగా చదివించాను. పొద్దున బ్రష్షు పెట్టేటప్పుడు చదవని పేర్లు ఇప్పుడైనా చదవాలి కదా.

మా అక్కది ఆరోది. దానికి నూనె అవసరమే పడలేదు. అన్నేళ్లు నూనె తాగిన కట్టె, రంగును పట్టనివ్వలేదు. పొడి గుడ్డతో ఒక్క తుడుపుకే పాల మీగడలా జారిపోయింది. ఈదమ్మ. వేళ్లతో తడిమి చూసుకున్నాను. అన్ని అక్షరాలూ ఉన్నాయి.

ఎనిమిదోది మొదలుపెడుతుండగా రజిత వచ్చింది. పుణెలో ఇళ్ల పని చేస్తుంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచి, చేతిలో బంతిపూల పొట్లం. కరోనా రెండోసారి వచ్చినప్పుడు వాళ్లమ్మ సువార్తమ్మ వనపర్తి దవాఖానలో పోయింది. అదే దినం మా ఊరి రూతమ్మ కూడా అక్కడే పోయింది. ఇద్దరినీ ఒకే బండిలో తెచ్చి, ముసుగులేసుకున్న ఎవరో మనుషులు మూలన పూడ్చిపెట్టారు. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. రజిత పుణెలోనే చిక్కుకుపోయింది. వెళ్లేముందు ఆ మనుషులే ఏదో పెట్టె చెక్కతో రెండు సిలువలు చేసి, మేకుతో పేర్లు గీకి నాటారు. మరుసటి ఈస్టరుకు వచ్చి, ఆ పేరు చూసే రజిత పూలు పెట్టిపోయింది. మళ్లీ రావడం ఇదే.

"అవ్వా, మా అమ్మ గోరి గీ దిక్కే గద? గివేంది, గిట్ల తెల్లగున్నయ్?"

మూలనున్న ఆ రెండే మిగిలాయి. నేను ఒకటి, శ్రవణ్ ఒకటి తుడిచాం. రంగు పోయింది. కింద చెక్క పొడిపొడిగా రాలింది. చెదలు తిన్న తొర్రలు, ఎండకు పగిలిన నెర్రెలు, వాటిలో వెండి రంగు. అక్షరం అన్నది ఎక్కడా లేదు. రెండోదీ అంతే.

"గీ రెండిట్ల మా అమ్మది ఏదవ్వా?"

నేను శ్రవణ్ మీదికి లేచాను. "చూసినవా, నువ్వు జేసిన పని!"

"దేవుని తోడు అవ్వా. నేను కొట్టేటప్పుడే ఏం లేకుండె. నువ్వు వస్తనే ఉంటవు గద. నిరుడున్నయా? నువ్వే చెప్పు."

నిరుడు ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఆ రెండు గోరీల పక్క నుంచే నూనె డబ్బాతో నడిచిపోయాను. ఏడాదికి రెండుసార్లు, ఇన్నేళ్లూ. ఒక్కసారి వంగి చూడలేదు. ఒక్క గుడ్డ తడుపు నూనె పెట్టలేదు. మా అక్కది బాగుంటే చాలనుకున్నాను. వాడి మీద ఉన్న కోపమంతా నా మీదికే తిరిగింది.

అప్పటికి సంఘ పెద్ద అనంతయ్య వచ్చాడు. ఏమైందో శ్రవణ్ గొణుగుతూ చెప్పాడు. అనంతయ్య రజిత తల మీద చెయ్యి పెట్టాడు.

"రెండిటికీ పూలు పెట్టు బిడ్డా. ఎవలకు పెట్టినా దేవునికి ఎరుకనే."

"దేవునికి ఎరుకనే అనంతయ్యా," అన్నాను. "దేవునికి ఎప్పుడు తెల్వకుండె? పిల్లకు తెల్వాలె. గా పేరొక్కటి ఉండనీయక పోతిమి, నువ్వు, నేను, గీ పోరడు, అందరం."

"గట్లంటవేంది సత్తెమ్మా? మాట మంచిగ..."

"మంచిగ రాదు నాకియ్యాల."

రజిత సంచి కింద పెట్టింది. పొట్లం విప్పింది. పూలు రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆ గోరి వైపు ఒకసారి, ఈ గోరి వైపు ఒకసారి చూసింది. చేతులు రెండూ అట్లాగే ముందుకు చాచి ఉన్నాయి. ఎవరో ఒకరు చెప్తారేమోనని నా ముఖం వైపు చూస్తూ ఉంది.

నాకు తెలిస్తే కదా చెప్పడానికి.